ఛాంపియన్‌కి కూడా గట్టు మీద ఒక మనిషి కావాలి

గుంతలు, జంపులున్న మట్టి ట్రాక్ మీద బైకు రేసు, అదే మోటోక్రాస్. అందులో ప్రొఫెషనల్ రేసర్‌కి ట్రైనర్ అవసరమా, రైడింగ్ కోచ్ అవసరమా అని మా షెడ్డులో తరచూ వాదన నడుస్తుంటుంది. రేణిగుంట రోడ్డులో మాది బైకులు బాగుచేసే చిన్న షెడ్డు. సాయంత్రమైతే ఎక్స్‌పల్స్‌లు, పాత ఇంపల్స్‌లు వేసుకుని కుర్రాళ్లు వస్తారు, అమెరికా సూపర్‌క్రాస్ (అదే ఆట, స్టేడియం లోపల కట్టిన ట్రాక్ మీద) వీడియోలు ఫోన్లో పెట్టుకుని చూస్తారు, టీ తెప్పించుకుంటారు, ఇక మొదలు. చాలామందిది ఒకటే మాట: "చిన్నప్పట్నుంచి బండి మీదే పెరిగినోడికి ఇంకొకడొచ్చి నేర్పేదేముందన్నా? వాడికి రానిదా?"

కావాలి, ఇద్దరూ కావాలి అంటాను నేను. కింద ఉన్నవాడికంటే పైన ఉన్నవాడికే ఇంకా ఎక్కువ కావాలి. టీ చల్లారేలోపు చెప్పి ముగించలేని సంగతి కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు రెండు పనుల్నీ విడదీయాలి. ట్రైనర్ చూసుకునేది ఒంటిని. పరుగు, సైకిలు, రోయింగ్ మెషీన్, తిండి, నిద్ర, దెబ్బ తగిలితే మళ్లీ బండెక్కేదాకా పడే అవస్థ, ఇవన్నీ ఆయన లెక్క. రైడింగ్ కోచ్ చూసుకునేది బండి మీదున్న మనిషిని. ఎక్కడ లేచి నిలబడ్డాడు, ఎక్కడ కూర్చున్నాడు, మలుపులోకి ఏ లైన్‌లో దిగాడు, బ్రేకు ఎక్కడ పట్టి ఎక్కడ వదిలాడు. కొందరు రెండూ చేస్తారు. మనం ఇద్దర్నీ కలిపి 'కోచ్' అనేస్తాం కాబట్టి ఒకడు జిమ్ గురించి మాట్లాడుతుంటే ఇంకొకడు జంపుల గురించి మాట్లాడుతుంటాడు, వాదన తేలేదెట్లా?

బండి ఆట కదా, యాక్సిలరేటర్ తిప్పితే బండే పోతుంది, ఒంటికి పనేముంది అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అమెరికా ప్రో మోటోక్రాస్‌లో ఒక్కో రేసు 30 నిమిషాలు, దానిపైన ఇంకో రెండు ల్యాప్‌లు. అదీ ఒకే రోజు రెండు రేసులు, జూన్, జులై ఎండల్లో. నూట పది కిలోల దగ్గరుండే బండిని గుంతల మీద, బురద గాడుల్లో, గాల్లో, ఎక్కువసేపు నిలబడే నడపాలి. గుండె నిమిషానికి 180 దరిదాపుల్లో కొట్టుకుంటూ ఆ అరగంటా దాదాపు అక్కడే ఉంటుంది. జనవరిలో సూపర్‌క్రాస్ మొదలైతే 17 రౌండ్లు, వెంటనే బయటి ట్రాక్‌లలో 11 రౌండ్లు, 2023 నుంచి దానిపైన ఇంకో మూడు ప్లేఆఫ్ రౌండ్లు. మొత్తం 31. వారం వారం రేసు, మధ్యలో విమానాలు, మధ్యలో ప్రాక్టీసు. మే నెలలో తిరుపతి ఎండకి మధ్యాహ్నం బండి మీద లీలామహల్ సర్కిల్ దాటేసరికే మనకి నీరసం వస్తుంది, వాళ్లు హెల్మెట్, ఛాతీ గార్డు, మోకాళ్ల బ్రేసులు, బూట్లు అన్నీ వేసుకుని అరగంట రేసు చేస్తారు. ఇది తెలిసినవాడెవడూ ఒంటికి పనేముందని అడగడు.

ఆర్మ్ పంప్ అని ఒకటుంటుంది, దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ట్రైనర్ ఎందుకు, కోచ్ ఎందుకు అనేదానికి సగం జవాబు ఇందులోనే ఉంది. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుని నడిపేకొద్దీ ముంజేతి కండరాల్లోకి రక్తం ఎక్కి అవి ఉబ్బుతాయి, వాటిని చుట్టి ఉండే పొర అంతగా సాగదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. కాసేపటికి ముంజేయి రాయిలా బిగుసుకుపోతుంది. వేళ్లకి క్లచ్ తెలియదు, బ్రేకు తెలియదు. పట్టు జారుతుందని ఇంకా గట్టిగా పట్టుకుంటారు, దాంతో ఇంకా బిగుస్తుంది. మా దగ్గరికొచ్చే ఒక అబ్బాయి దీనికోసం ఇక్కడే ఒక జిమ్‌లో చేరాడు. అక్కడాయన ముంజేతులకి, కండలకి బరువులు రాసిచ్చాడు. అబ్బాయి చేతులు చూడ్డానికి బాగా అయ్యాయి, ఆర్మ్ పంప్ మాత్రం తగ్గలేదు. అతను బండిని చేతులతో పట్టుకుంటున్నాడు, కాళ్లతో పట్టుకోవడం లేదు, అదీ అసలు సంగతి. మోకాళ్లతో ట్యాంకు దగ్గర బిగించి, బరువంతా ఫుట్‌పెగ్‌ల మీద వేసి, చేతులు వదులుగా ఉంచాలి. ఇది చూసి చెప్పేది రైడింగ్ కోచ్. సరే, అరగంట సేపు కాళ్లతో అట్లా బిగించి నిలబడాలంటే తొడల్లో, నడుములో శక్తి ఉండాలి కదా. అది తెచ్చిపెట్టేది ట్రైనర్. అలసిపోయిన కాళ్లున్నవాడు ఎంత టెక్నిక్ తెలిసినా చివరి పది నిమిషాల్లో సీటు మీద కూలబడి మళ్లీ చేతులతోనే వేలాడతాడు.

అలిపిరి మెట్లు 3550. మా కుర్రాళ్లలో కొందరు తెల్లవారుజామున ఎక్కుతుంటారు, దాన్నే ట్రైనింగ్ అంటారు. కాళ్లకీ ఊపిరికీ చాలా మంచిది, స్వామి దర్శనం అయితే మనసుకీ మంచిది, ఎక్కమనే చెప్తాను. అయితే రేసు మూడు రోజుల్లో ఉందనగా ఎక్కాలా, పది రోజుల ముందు ఆపాలా, నిన్న ట్రాక్ మీద పడి మోకాలు వాచినవాడు ఎక్కొచ్చా, ఇవి చెప్పడానికి మనిషి కావాలి. మెట్లు చెప్పవు.

ఈ ఆటలో ట్రైనర్ అనే మాటకి బరువు తెచ్చింది ఆల్డన్ బేకర్. దక్షిణాఫ్రికా మనిషి, సైక్లింగ్ నుంచి వచ్చాడు, మోటోక్రాస్ నుంచి కాదు. 2000 ప్రాంతంలో అమెరికా రేసర్ రికీ కార్మైకేల్ ఆయన చేతికి వచ్చాడు. రికీలో ప్రతిభకి ముందునుంచీ లోటు లేదు, కుర్రతనంలో అతన్ని గట్టు మీద నిలబడి నడిపించింది కన్నతల్లి జీనీ. బయటి ట్రాక్‌లలో తిరుగులేదు కానీ సూపర్‌క్రాస్ పెద్ద క్లాసుకి వచ్చాక మొదటి రెండేళ్లు టైటిల్ అందలేదు. బరువు తగ్గాడు, సైకిలు తొక్కాడు, ఒళ్లు మార్చుకున్నాడు. 2001లో 16 రౌండ్లలో 14 గెలిచి, అప్పటిదాకా రాజ్యమేలిన జెరెమీ మెక్‌గ్రాత్ నుంచి టైటిల్ లాక్కున్నాడు. 2002లో, మళ్లీ 2004లో బయటి ట్రాక్‌ల సీజన్‌లో 24 రేసులకి 24 గెలిచాడు. ఇరవై నాలుగూ! ఒక్క పంక్చరు, ఒక్క చెడ్డ స్టార్టు చాలు అది పోవడానికి.

ఆ తర్వాత లెక్క చూడండి. 450 క్లాసు, అంటే 450 సీసీ బళ్ల పెద్ద క్లాసు, సూపర్‌క్రాస్ టైటిల్ 2011 నుంచి 2014 వరకు ర్యాన్ విల్లొపోటోది, 2015 నుంచి 2017 వరకు ర్యాన్ డంజీది, 2018 జేసన్ ఆండర్సన్, 2019 కూపర్ వెబ్. ఈ నలుగురూ బేకర్ దగ్గర తయారైనవాళ్లే. తొమ్మిదేళ్లు వరసగా. ఫ్లోరిడాలో ఆయన పెట్టిన చోట ఒకరితో ఒకరు పోటీపడేవాళ్లే కలిసి సైకిలు తొక్కేవాళ్లు, ఒకే ట్రాక్ మీద ప్రాక్టీసు చేసేవాళ్లు, శనివారం రాత్రి ఒకర్నొకరు ఓడించుకునేవాళ్లు. ట్రైనర్ వల్ల ఏమీ కాదనేవాళ్లు ఈ తొమ్మిదేళ్లకి ఏం చెప్తారో నాకు వినాలనుంది.

ఒక మాట మాత్రం వాళ్లు గట్టిగానే అంటారు. "మంచి రైడర్లే ఆయన దగ్గరికి పోయారు, అందుకే గెలిచారు. టోమాక్ సంగతేంది మరి?" న్యాయమైన ప్రశ్న. ఈలై టోమాక్ కొలరాడోలో ఇంటి దగ్గరే తయారయ్యాడు. 2020లో, 2022లో సూపర్‌క్రాస్ టైటిల్, బయటి ట్రాక్‌లలో 2017 నుంచి వరసగా మూడు, మళ్లీ 2022లో ఒకటి. కానీ ఇంటి దగ్గర అంటే ఒంటరిగా అని కాదు. అతని తండ్రి జాన్ టోమాక్ మౌంటెన్ బైకింగ్‌లో ప్రపంచ ఛాంపియన్. ఒంటిని ఎట్లా కొండలెక్కించాలో, ఎప్పుడు దించాలో ఆ ఇంట్లోనే తెలిసిన మనిషి ఉన్నాడు. స్లొవేనియా నుంచి వచ్చి ప్రపంచ ఛాంపియన్ అయిన టిమ్ గాయ్సర్ వెనక కూడా తండ్రే. ఫీజు తీసుకునేవాడు లేడంటే చూసేవాడు లేడని కాదు కదా.

ఇక్కడే నా అసలు మాట. ట్రైనర్ ఎక్కువ చేయించడానికి కావాలని అందరూ అనుకుంటారు. నా లెక్కలో ప్రొఫెషనల్‌కి ట్రైనర్ కావాల్సింది ఆపడానికి. ఆ స్థాయికి వచ్చినవాడికి కష్టపడమని ఎవరూ చెప్పనక్కర్లేదు. కష్టపడబట్టే అక్కడున్నాడు. జ్వరం వచ్చినా బండెక్కుతాడు, ఎముక అతకకముందే బండెక్కుతాడు, నిన్న ఓడిపోయాడు కాబట్టి ఇవాళ రెండింతలు చేస్తాడు. ఇట్లా చేసీ చేసీ ఒళ్లు చచ్చుబడిపోయి సీజన్ మధ్యలో కూర్చున్నవాళ్లు ఈ ఆటలో చాలామంది. మనిషిని వారాలు, నెలలు నీరసంలో పడేసే ఎప్‌స్టీన్-బార్ వైరస్ పేరు మోటోక్రాస్ చూసేవాళ్లందరికీ తెలిసిపోయిందంటే ఎంతమందిని అది పడేసి ఉండాలి! పొద్దున లేవగానే నాడి పట్టుకుని చూసుకోవడం అనే చిన్న అలవాటు ఉంది, ఖర్చు లేదు, వాచీ చాలు. రోజూ ఉండేదానికంటే బాగా ఎక్కువ కొట్టుకుంటుంటే ఒళ్లు ఇంకా తేరుకోలేదని అర్థం. ఆ అంకె చూసి "ఇవాళ బండి ముట్టుకోవద్దు" అని రైడర్ తనకి తాను చెప్పుకోడు. ఇంకొకడు చెప్పాలి, చెప్తే వినేలా చెప్పాలి.

బేకర్ దగ్గర అంతా బాగుందని కూడా నేననను. విల్లొపోటో 26 ఏళ్లకే 2015లో ఆట వదిలేశాడు. డంజీ 2017లో టైటిల్ గెలిచిన కొద్ది రోజులకే, 27 ఏళ్ల వయసులో చాలించాడు. విల్లొపోటోకి గాయం కూడా ఉంది, ప్రతిదీ ట్రైనింగ్ మీదికి నెట్టడం తప్పు. కానీ తొమ్మిది టైటిళ్లలో ఏడు గెలిచిన ఇద్దరూ ముప్పై రాకముందే ఇక చాలనుకున్నారంటే ఆ పద్ధతి మనిషిలోంచి ఎంత పిండుతుందో ఆలోచించాల్సిందే. టోమాక్ ముప్పై దాటాక కూడా గెలుస్తూనే ఉన్నాడు. రెండు దార్లూ ఎదురుగా ఉన్నాయి. నా కొడుకైతే నేను రెండో దారికే పంపుతాను, టైటిళ్లు రెండు తగ్గినా సరే.

ఇందులో డబ్బు ముడి ఒకటుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ట్రైనర్‌కి చాలాసార్లు జీతం ఇచ్చేది రైడరే. అంటే "ఆపు" అని చెప్పాల్సినవాడు, ఎవరికి చెప్పాలో వాళ్ల దగ్గరే జీతం తీసుకుంటున్నాడు. మెత్తటివాడైతే రైడర్ అడిగిందే రాసిస్తాడు. తల్లీతండ్రీ అయితే ఆ భయం లేదు, మొహం మీదే చెప్తారు. కానీ వాళ్లకి ఇంకో బాధ, బిడ్డ పడితే తట్టుకోలేరు, లేదంటే తమకి తీరని కోరిక బిడ్డ మీద పెడతారు. అందుకే నాకు బాగా నచ్చేది, ట్రైనర్ మాట చెల్లుతుందని టీమ్‌తో ముందే ఒప్పందం ఉండటం. ట్రైనర్ వద్దంటే ఆ వారం ప్రాక్టీసు లేదు, అంతే.

రైడింగ్ కోచ్ దగ్గరికి వస్తా. 2023లో ఆస్ట్రేలియా కుర్రాడు జెట్ లారెన్స్ 450 క్లాసులో బయటి ట్రాక్‌ల సీజన్ మొదటిసారి ఆడాడు. 11 రౌండ్లు, 22 రేసులు, 22 గెలుపులు. ఓటమి లేదు. అతని దగ్గర అప్పటికే జానీ ఒమారా ఉన్నాడు, 1984 సూపర్‌క్రాస్ ఛాంపియన్. మా కుర్రాళ్లు అడిగేది ఇక్కడే: ఎదురులేనివాడికి అరవై దాటిన మనిషి నేర్పేదేముంది?

నేర్పడు, చూస్తాడు. బండి మీద ఉన్నవాడికి తను ఎంత వేగంగా పోతున్నాడో సరిగ్గా తెలియదు, ఇది ఎంత పెద్ద రైడర్‌కైనా అంతే. ఇంజను గోలపెడుతూ, వెనక చక్రం మట్టి చిమ్ముతూ, బండి అటూ ఇటూ ఊగుతుంటే బాగా వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది. స్టాప్‌వాచ్ చూస్తే ఆ ల్యాప్ నెమ్మదిగా ఉంటుంది. ఒక గేరు పైన, శబ్దం తక్కువగా, అబ్బే ఇది బాలేదు అనుకుంటూ తిరిగిన ల్యాప్ వేగంగా వస్తుంది. అందుకని మంచి కోచ్ మొత్తం ల్యాప్ టైమ్ చూసి వదిలేయడు. ఈ మలుపు నుంచి ఆ జంప్ దాకా ఎంత, హూప్స్ (వరసగా ఉండే చిన్న మట్టి దిబ్బలు) మొదలు నుంచి చివరిదాకా ఎంత అని ట్రాక్‌ని ముక్కలు చేసి చూస్తాడు. నీకూ వాడికీ తేడా ఒక సెకను అని చెప్తే రైడర్‌కి టెన్షన్ తప్ప ఏమీ రాదు, ఆ సెకనులో సగం రెండో మలుపు బయటికొచ్చే దగ్గర పోతోంది అని చెప్తే పని మొదలవుతుంది. పైగా మోటోక్రాస్ ట్రాక్ ల్యాప్ ల్యాప్‌కీ మారిపోతుంది. పొద్దున బాగున్న లైన్ మధ్యాహ్నానికి లోతు గాడి అవుతుంది. దుమ్ములో, నలుగురి మధ్య ఉన్నవాడికి అవతలి అంచున కొత్త లైన్ తయారైందని కనిపించదు. గట్టు మీద నిలబడ్డవాడికి కనిపిస్తుంది.

మా మేనల్లుడు చిత్తూరులో ఉంటాడు, డర్ట్ ట్రాక్ పోటీల్లో కొత్తవాళ్ల క్లాసులో దిగుతాడు, ప్రొఫెషనల్ కాదు, ఇంకా చాలా దూరం ఉంది. కోలారు వైపు ఒక ట్రాక్‌లో కోచింగ్ తీసుకుంటుంటే నేనూ వెళ్లి చూశా. మావాడు ప్రతి మలుపుకీ ఆఖరి క్షణం దాకా వచ్చి గట్టిగా బ్రేకు పట్టేవాడు, అందరికంటే ఆలస్యంగా పట్టడం వాడికి గొప్ప. కోచ్ ఏమీ అనకుండా కాసేపు చూసి, బ్రేకు కొంచెం ముందు పట్టు, గ్యాస్ కూడా ముందే తెరువు అన్నాడు, అంతే. మావాడు మొహం మాడ్చుకుని చేశాడు. టైమ్ తగ్గింది. "మామా, మెల్లగా పోయినట్టుంది మామా, ఎట్లా తగ్గింది?" అని ఇంటికొచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఈ ప్రశ్న వాడు సొంతంగా ఎన్నేళ్లు తిప్పినా పుట్టేది కాదు.

దెబ్బల విషయంలో ట్రైనర్ ఇంకా ముఖ్యం. మన దగ్గర చెయ్యి విరిగితే అందరూ చెప్పే మొదటి మాట పుత్తూరు కట్టు. ఎన్నో కుటుంబాలకి దాని మీద నమ్మకం ఉంది, ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. రేసర్ విషయంలో మాత్రం ముందు ఎక్స్‌రే, ఎముకల డాక్టరు, ఆ తర్వాతే ఏదైనా. ఎముక అతకడం సగమే, ఆ చెయ్యి మళ్లీ జంప్ దిగేటప్పుడు వచ్చే దెబ్బకి ఆగాలి. రేసర్ కెన్ రాక్సన్ 2017 జనవరిలో అనహైమ్ రేసులో పడి ఎడమ చెయ్యి దాదాపు పోగొట్టుకున్నంత పనైంది. ఎన్నో ఆపరేషన్లు. మళ్లీ సూపర్‌క్రాస్ గెలవడానికి 2020 జనవరి, సెయింట్ లూయిస్ రేసు దాకా పట్టింది. ఆ మూడేళ్లు ఒక్క మనిషి ఒంటరిగా దాటగలిగేవి కావు.

మనవాళ్లకి ఇవన్నీ ఎక్కడ అంటారా? దగ్గర్లోనే ఉన్నాయి. 2015లో డకార్ ర్యాలీ, అంటే రోజుల తరబడి సాగే ఎడారి రేసు, పూర్తి చేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ మోటోక్రాస్, సూపర్‌క్రాస్ నుంచి ఎదిగినవాడే, బెంగళూరు మనిషి. ఆయన పెట్టిన బిగ్‌రాక్ శిక్షణ ట్రాక్ కోలారు దగ్గర. చిత్తూరు నుంచి పలమనేరు, నంగిలి, ముళబాగిలు మీదుగా పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే చేరొచ్చు. 2024 డకార్‌లో ర్యాలీ 2 అనే రెండో శ్రేణి క్లాసు గెలిచి, మొత్తం మీద 11వ స్థానంలో నిలిచిన హరిత్ నోవా కేరళ కుర్రాడు, అతనూ జాతీయ సూపర్‌క్రాస్ ఛాంపియనే. 2024లోనే ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ పుణెలో మొదలై అహ్మదాబాద్, బెంగళూరు తిరిగింది, విదేశీ రైడర్లు మనవాళ్ల పక్కనే గేటు దగ్గర నిలబడ్డారు. అంటే ఇప్పుడు మన ఊరి కుర్రాడు ప్రొఫెషనల్ అవుతానంటే నవ్వాల్సిన పని లేదు.

డబ్బు సంగతి నాకు తెలుసు. విదేశీ మోటోక్రాస్ బండికి లక్షలు పోయాలి, దానికి నంబరు ప్లేటు రాదు, రోడ్డెక్కదు, ట్రాక్‌కి వ్యానులో వేసుకుపోవాలి. ఆపైన టైర్లు, చైన్లు, ప్రయాణాలు. అందుకే మా షెడ్డుకి వచ్చే ప్రతివాడికీ ఒకటే చెప్తున్నా, నా వ్యాపారానికి నష్టమైనా సరే. సైలెన్సర్ మార్చమని ముప్పై వేలు పట్టుకొస్తే వెనక్కి పంపుతున్నా. ఆ డబ్బుతో ముందు కోచ్ దగ్గరికి పోండి, ఉన్న బండితోనే. ట్రైనర్ ఇప్పుడే అక్కర్లేదు, పరుగు, సైకిలు, సంగటి, ఎనిమిది గంటల నిద్ర చాలు. పోటీలు వరసగా తగిలే స్థాయికి వచ్చాక, ఒళ్లు చెప్పే మాట మీకు వినపడని స్థాయికి వచ్చాక, అప్పుడు ట్రైనర్‌కి ఖర్చు పెట్టండి, బండి మార్చడంకంటే ముందు.

కోలారు నుంచి ఒక కోచ్ నెలకి ఒక ఆదివారం ఇటు రావడానికి ఒప్పుకున్నాడు. చంద్రగిరి వైపు గానీ రేణిగుంట వైపు గానీ ఇళ్లకి దూరంగా, చుట్టుపక్కల పొలాలకి దుమ్ము ఇబ్బంది లేని రెండు మూడు ఎకరాల బీడు కావాలి, అద్దె ఇస్తాం. ట్రాక్టరుతో మట్టి మేమే సర్దుకుంటాం, అంబులెన్సు ఆ పూటకి పెట్టుకుంటాం, హెల్మెట్, బూట్లు లేనివాడిని లోపలికి రానివ్వం. ఎవరిదైనా అట్లాంటి నేల ఉంటే షెడ్డుకి వచ్చి చెప్పండి.